నీటి పుస్తకం ఎక్కడ ఉంది? మా పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్‌పర్సన్ గారికి, వైస్ ఛైర్మన్ గారికి, రెండు పక్షాల కౌన్సిలర్లకు, కమిషనర్ గారికి, నీటి సరఫరా విభాగం ఇంజనీర్లకు

నమస్కారాలు.

పోయిన నెల జరిగిన సాధారణ సమావేశానికి నేను వచ్చాను. వెనక గోడ పక్కన సందర్శకుల కోసం వేసిన కుర్చీలలో కూర్చున్నాను. ఎజెండాలో తొమ్మిదో అంశం మంచినీటి చెరువు పూడికతీత. దాని కోసమే వచ్చాను. మీరు అంతదాకా రానేలేదు. మూడో అంశం దగ్గరే, గత పాలకవర్గం కాలంలో వేసిన గొట్టాల బకాయి బిల్లు చెల్లించాలా వద్దా అన్న మాట మీద సభ రెండుగా చీలిపోయింది. పని నాసిరకమని ఒక పక్షం అంది. చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్కులో సంతకాలు పెట్టించింది మీరే కదా అని మరో పక్షం అంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఆ ఎం-బుక్కును తెప్పించి బల్ల మీద పెట్టమని మాత్రం ఒక్కరూ అడగలేదు. కాగితాలు చింపారు, నినాదాలు చేశారు, కొందరు ఛైర్‌పర్సన్ గారి బల్ల ముందు కింద కూర్చున్నారు. నలభై నిమిషాలలో సభ వాయిదా పడింది. నేను లేచి బయటికి వస్తుంటే చినిగిన కాగితం ఒకటి కాలికి తగిలింది. తీసి చూశాను. ఎజెండాలో ఐదో పేజీ. తొమ్మిదో అంశం సగం వరకు ఉంది, మిగతా సగం లేదు. దాన్ని మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. ఈ లేఖ రాస్తున్నప్పుడు నా ముందే ఉంది.

నేను ఎవరినో చెప్పుకోవాలి. మా నాన్నగారు ఈ పురపాలక సంఘంలోనే ముప్పై ఒక్క ఏళ్లు వాల్వు ఆపరేటరుగా పనిచేశారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, భుజం మీద ఇనుప తాళం వేసుకుని సైకిలు మీద వెళ్లేవారు. ఆ తాళం నా ఎత్తు ఉండేది. పైన అడ్డపట్టీ, కింద చదరపు నోరు. రోడ్డు మీద ఇనుప మూత తీసి, ఆ తాళాన్ని లోపలికి దించి, రెండు చేతులతో తిప్పితే వీధికి నీళ్లు వచ్చేవి. మా వీధిలో ఆయనను పేరుతో పిలిచినవారు తక్కువ. నీళ్ల మాస్టారు అనేవారు.

ఆయన ప్రతి రోజూ రెండు పుస్తకాలు రాసేవారు. ఒకటి ఆఫీసుది. రెండోది సొంతంగా పెట్టుకున్న రూళ్ల నోటుపుస్తకం, ఎప్పుడైనా ఎవరైనా నిలదీస్తే చేతిలో ఉండాలని. ఆయన పోయాక ఆ నోటుపుస్తకాలు పదహారు నా దగ్గర మిగిలాయి. ఒక రోజు రాత ఇలా ఉంది: "ఉ. 4.40 మూడో జోను తెరిచాను. 5.45 కట్టాను. చెరువు 8 అడుగుల 1 అంగుళం. క్లోరిన్ రంగు వచ్చింది. కాలువగట్టు వీధి చివర నీరు సన్నం. ఫిట్టరుకు చెప్పాను." ఎర్ర సిరాతో కింద పొడి అక్షరాలు. అంతే. ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులూ అలాగే.

ఒక్క చోట మాత్రం కొంచెం పొడుగు రాత ఉంది. అప్పటి పాలకవర్గంలో ఒక పెద్దమనిషి తన వీధికి మరో పావుగంట నీళ్లు వదలమని ఇంటికి ఫోను చేయించారట. నాన్నగారు కాదనలేదు. వదిలారు. వదిలి, పుస్తకంలో రాశారు: ఎవరి మాట మీద, ఎన్ని నిమిషాలు, ఆ పావుగంట ఏ జోను వంతులో కోత పడింది. మర్నాడు అసిస్టెంటు ఇంజనీరు ఆ పేజీ చూసి, దాని కింద తన సంతకం కూడా పెట్టారు. ఆ తరువాత అలాంటి ఫోన్లు తగ్గాయని అమ్మ చెప్పేది. నాన్నగారు ఎవరితోనూ పోట్లాడలేదు. జరిగినది జరిగినట్టు రాశారు.

పెద్దలారా, ఈ లేఖలో నేను అడగబోయేది అంతకంటే పెద్దది కాదు. ఆఫీసులో ఉండాల్సిన ఆ నీటి పుస్తకం ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఊరికే అడగడం లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. గత రెండేళ్లలో చెరువు నీటిమట్టం రోజువారీగా ఎంత ఉంది, ఏ జోనుకు ఎంతసేపు నీరు వదిలారు, కుళాయి చివర క్లోరిన్ ఎంత ఉంది, పూడికతీత ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఉంది అని నాలుగు ప్రశ్నలు వేశాను. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. జవాబు రావడానికి దానికి రెట్టింపు పట్టింది. మొదటి మూడింటికీ "సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు" అని వచ్చింది. నాలుగోదానికి "పరిశీలనలో ఉంది" అన్నారు. 2005లో ఆ చట్టం వచ్చినప్పుడే నాలుగో సెక్షనులో ప్రభుత్వ కార్యాలయాలన్నీ తమ పనితీరును, నిర్ణయాలు జరిగే పద్ధతిని, బాధ్యుల వివరాలను 120 రోజులలోగా ఎవరూ అడగకుండానే ప్రచురించాలని ఉంది. అడిగినా చెప్పలేని స్థితిలో ఇప్పుడు మన నీటి విభాగం ఉంది. లెక్కలు దాచిపెట్టారని నేను అనడం లేదు. నాకు తోచినది ఇంకా బాధాకరం: అసలు రాయడమే మానేశారు.

ఎందుకు మానేశారో కూడా ఆ సమావేశంలో కూర్చున్నాక కొంత అర్థమైంది. రాసిన ప్రతి అంకెనూ ఎవరో ఒకరు అవతలి పక్షం మీద విసరడానికి వాడుకుంటున్నారు. చెరువు మట్టం తక్కువని రాస్తే పాలకపక్షానికి కోపం. సరిపడా ఉందని రాస్తే ప్రతిపక్షానికి అనుమానం. మధ్యలో పొరుగు సేవల పద్ధతిలో పనిచేసే ఆపరేటరు ఏమి రాస్తాడు? నిరుడు మా వార్డులో నల్లని నీరు వచ్చినప్పుడు పని పోగొట్టుకున్నది అతనొక్కడే. గొట్టం మార్చాలని అతను అంతకు ముందే రెండుసార్లు చెప్పాడని మా వీధి అంతా ఎరుగుదుం. చెప్పినట్టు రుజువు లేదు, ఎందుకంటే చెప్పినది రాసుకునే పుస్తకం లేదు. పుస్తకం లేకపోతే ఎప్పుడూ నష్టపోయేది అందరికంటే కిందనున్న మనిషే.

ఇప్పుడు చెరువు సంగతి. మీలో చాలామంది రైతు కుటుంబాల నుంచి వచ్చినవారే కాబట్టి కాలువ లెక్క నేను నేర్పనక్కరలేదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కు గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982కు సిద్ధమైంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు పది లక్షల ఎకరాలు ఆ నీటి మీదే పండుతున్నాయి. ఆ పొలాల మధ్యనున్న మన పట్టణాలు తాగేదీ అదే కాలువ నీరు. రెండో పంట దాళ్వా కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. మరమ్మతులు, పూడికతీతలు ఆ సమయంలోనే జరగాలి. మళ్లీ మొదటి పంట సార్వాకు జూనులో వదులుతారు. ఆ మధ్య కాలమంతా పట్టణం బతికేది మంచినీటి చెరువు మీద. భూమిలో బోరు వేసుకుంటే సరిపోతుంది కదా అనుకోవడానికి లేదు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీరు ఉప్పగా ఉంటుందని ఇక్కడ పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. మురుగు పారుదల ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. డెబ్బై వేల జనాభా ఉన్న పట్టణాన్ని అనుకోండి. రోజుకు తొంభై నాలుగున్నర లక్షల లీటర్లు. కాలువ నలభై అయిదు రోజులు కట్టి ఉంటే నలభై రెండున్నర కోట్ల లీటర్లు నిల్వ ఉండాలి. సగటున మూడు మీటర్ల లోతు అనుకుంటే దానికి సుమారు ముప్పై అయిదు ఎకరాల చెరువు కావాలి. ఎండకు ఆవిరయ్యేది, నేల తాగేది ఈ లెక్కలో లేవు. ఇక పూడిక. ఆ చెరువులో ఒక్క అడుగు మేట వేస్తే పదో వంతు నీరు పోయినట్టే. అంటే నాలుగున్నర రోజుల నీరు. రెండడుగులు వేస్తే తొమ్మిది రోజులు. మే నెల ఆఖరులో తొమ్మిది రోజులు కుళాయి రాకపోతే ఎలా ఉంటుందో మీలో ఎవరింట్లోనైనా ఆడవారిని అడగండి.

పూడిక తీయాలంటే చెరువు అడుగు కనిపించాలి. అడుగు కనిపించేది కాలువలు వదలబోయే ముందు ఆ కొద్ది రోజులే. ఆ వేళకు టెండరు పూర్తయి, మనుషులు, యంత్రాలు గట్టు మీద సిద్ధంగా ఉండాలి. అలా ఉండాలంటే పాలకవర్గం తీర్మానం శీతాకాలంలోనే జరగాలి. రాజకీయానికి వచ్చే నెల అనే మాట ఉంటుంది గానీ చెరువుకు ఉండదు. మీరు వాయిదా వేసిన ఒక్క సమావేశం చెరువుకు ఒక ఏడాది వాయిదా. మూడేళ్లుగా ఇదే జరుగుతోంది. మొదటి ఏడాది ఛైర్‌పర్సన్ గారి మీద అవిశ్వాసం గొడవ. రెండో ఏడాది కమిషనర్ గారి బదిలీ, కొత్తవారు రావడంలో ఆలస్యం. ఈ ఏడాది బకాయి బిల్లు. ప్రతి కారణమూ దాని మటుకు అది నిజమే కావచ్చు. మేట మాత్రం ఆగలేదు.

వంతుల సంగతి కూడా చెప్పాలి. మన రైతులకు శివారు అన్న మాట ఎంత చేదో మీకు తెలుసు. కాలువ మొదట్లో ఉన్నవారు తూము పెద్దది చేసుకుంటే చివరి చేను ఎండిపోతుంది. శివారు ఆయకట్టుకు నీరు అందలేదని మీ పార్టీలు రెండూ లాకుల దగ్గర ధర్నాలు చేశాయి. ఆ ధర్నాలకు నేనూ వచ్చాను. పట్టణంలో శివారు వీధులు లేవా? ఒక ట్యాంకు కింద నాలుగు జోన్లు ఉంటే, ఒక జోనుకు పది నిమిషాలు కలిపితే ఆ పది నిమిషాలు మరో జోను నుంచే పోవాలి. ట్యాంకు పెరగదు కదా. ఏ కౌన్సిలరు వార్డుకు ఎక్కువ వదిలారో, ఏ కౌన్సిలరు వార్డుకు తగ్గించారో అని మీలో మీరు ఆరోపించుకుంటున్నారు. నిమిషాలు రాసిన కాగితం ఒకటి గోడకు ఉంటే ఆ ఆరోపణలకు పనే ఉండదు. కాలువ లాకుల దగ్గర నీటి కాపలా చూసే లస్కర్లు నీటిమట్టం కొలిచే గేజి చూసి రోజూ రాస్తారు. పొలానికి పారే నీటికి ఉన్న మర్యాద నోట్లోకి పోయే నీటికి లేకపోవడం నాకు మింగుడు పడదు.

ఇక నీటి నాణ్యత. దీని మీద నాకు భయం ఉంది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

మా ఇంటి కుళాయికి తెల్లవారి అయిదుంబావుకు నీళ్లు వస్తాయి. మొదట గాలి వస్తుంది. గొట్టం బుసకొడుతుంది. ఆ తరువాత రెండు మూడు నిమిషాలు గోధుమ రంగు నీరు, దానిలో సన్నని నల్లటి పేలికలు, మురుగు వాసన. బిందె పెట్టకుండా అది పోయేదాకా చూస్తూ నిలబడతాం. ఆ తరువాత తేట నీరు వస్తుంది. తేటగా ఉంది కదా అని పట్టుకుంటాం. కొన్నాళ్లుగా తాగడానికి మాత్రం మా వీధిలో అందరూ నీళ్ల టిన్ను కొంటున్నారు. కొనలేనివారు కాచుకుని తాగుతున్నారు. కాచుకోవడానికి కూడా తీరికలేని కూలి కుటుంబాలు అలాగే తాగుతున్నాయి.

ఆ మొదటి మూడు నిమిషాల నీరు ఎక్కడి నుంచి వస్తుందో నాన్నగారు నాకు చిన్నప్పుడే చెప్పారు. రోజంతా నీరు ఉండే గొట్టంలోకి బయటి మురుగు రాదు, లోపలి ఒత్తిడి బయటికి నెడుతూ ఉంటుంది. గంట వదిలి ఇరవై మూడు గంటలు కట్టేసే గొట్టం అలా కాదు. నీరు ఆగగానే లోపల ఖాళీ ఏర్పడుతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, గొట్టానికి చిల్లు ఉంటే ఆ ఖాళీ మురుగును లోపలికి పీలుస్తుంది. మన పట్టణంలో ఎన్ని ఇళ్ల కనెక్షన్లు సైడు కాలువలోంచే వెళుతున్నాయో నడుచుకుంటూ వెళ్లి చూడవచ్చు. దీనికి తోడు కుళాయికి నేరుగా మోటారు బిగించుకునేవారు ఉన్నారు. ఆ మోటారు పక్కింటి నీటినే కాదు, చిల్లులోంచి మురుగును కూడా లాగుతుంది. ఈ తప్పు మాది. మా వీధిలో నాలుగిళ్లకు ఉన్నాయి, నేను వెళ్లి అడిగితే ఇద్దరు తీసేశారు. మీరు వచ్చి తనిఖీ చేస్తే మిగతావారూ తీస్తారు. ఓట్లు పోతాయని ఏ పక్షమూ తనిఖీకి ఒప్పుకోవడం లేదని సిబ్బందే చెబుతున్నారు.

ఈ మురుగుతో వచ్చే క్రిములను గొట్టంలో ఆపేది చివరికి క్లోరిన్ ఒక్కటే. ట్యాంకు దగ్గర కలిపితే చాలదు, వీధి చివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని భారత ప్రమాణం చెబుతుంది. వంద మిల్లీలీటర్ల నీటిలో మలం నుంచి వచ్చే ఇ. కొలి క్రిమి ఒక్కటి కూడా కనిపించకూడదని అదే ప్రమాణం. క్లోరిన్ చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నాన్నగారు సంచిలో క్లోరోస్కోపు పెట్టుకుని తిరిగేవారు. చిన్న గాజు గొట్టంలో కుళాయి నీరు పట్టి, మందు చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగు బిళ్లలతో పోల్చి చూసేవారు. రంగు రాకపోతే ఆయన ముఖంలో రంగు పోయేది. సైకిలు ఎక్కి తిన్నగా ట్యాంకు దగ్గరకు వెళ్లిపోయేవారు. ఇప్పుడు మా వీధి చివర ఎవరైనా ఆ పరీక్ష చేయగా చూసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

ఏలూరును మనం అప్పుడే మరిచిపోయామా? 2020 డిసెంబరులో అక్కడ ఆరు వందల మందికి పైగా జనం మూర్ఛలతో, కళ్లు తిరిగి, నురగలు కక్కుతూ ఉన్నచోటనే పడిపోయారు. రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు చెప్పాయి. నీటివల్లనా, కూరగాయల మీద పురుగుమందులవల్లనా అని రోజుల తరబడి చర్చ నడిచింది. నమూనాలు హైదరాబాదుకు, ఢిల్లీకి వెళ్లాయి. ఏలూరులో ఎవరి తప్పో చెప్పడానికి నేను ఈ మాట ఎత్తలేదు. రేపు మన ఊళ్లో అలాంటిది జరిగితే డాక్టర్లు మొదట అడిగేది నిన్న, మొన్న, పోయిన వారం కుళాయి నీరు ఎలా ఉందని. మన దగ్గర చూపించడానికి ఏముంది? చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, పురుగుమందులు చల్లే వరి పొలాలు, వాటి నీరంతా కలిసే డ్రెయిన్లు. ఇలాంటి చోట ఉన్న పట్టణానికి నీటి పరీక్ష పుస్తకం లేకపోవడం కంటికి గంతలు కట్టుకుని కాలువగట్టు మీద నడవడమే.

మీలో కొందరు నాతో అన్న మాట ఒకటి ఉంది. "అమ్మా, ఈ పాలకవర్గాలతో పని జరగదు. ప్రత్యేకాధికారి పాలన వస్తే అంతా సర్దుకుంటుంది." ఈ మాట కౌన్సిలరు నోటి నుంచి రావడం నన్ను చాలా బాధపెట్టింది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని వెంట వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణాలకు అప్పగించదగిన 18 బాధ్యతలు ఉన్నాయి. అయిదోది తాగునీరు. పాలకవర్గానికి అయిదేళ్ల గడువు, ఆ గడువు ముగియకముందే ఎన్నిక అని కూడా అందులోనే ఉంది. మన చుట్టుపక్కల ఏమి జరిగిందో చూడండి. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగితే రాజమహేంద్రవరంలో జరగలేదు. కాకినాడలో 2017లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2022లో ముగిస్తే, వెంటనే ఎన్నిక రాలేదు, అధికారుల పాలన వచ్చింది. అధికారి మంచివారే కావచ్చు. నీళ్లు రాకపోతే ఆయన గుమ్మం ముందు ఖాళీ బిందెతో నిలబడే హక్కు మాకు ఎక్కడిది? మీ గుమ్మం ముందు నిలబడే హక్కు మా ఓటు ఇచ్చింది. దాన్ని మీ చేతులారా పారేయకండి.

కమిషనర్ గారికీ ఇంజనీర్లకూ ఒక మాట. పాలకవర్గం తీర్మానం చేయలేదు కాబట్టి మేము ఏమీ చేయలేదని మీరు అంటున్నారు. పూడికతీతకు తీర్మానం కావాలి, ఒప్పుకుంటాను. చెరువు గేజి చూసి అంకె రాయడానికి ఏ తీర్మానం కావాలి? క్లోరిన్ పరీక్షకు ఏ ఓటింగు కావాలి? ఫోను మీద ఎవరో చెప్పారని వాల్వు తిప్పినప్పుడు, ఆ చెప్పినవారి పేరు రాయడానికి ఎవరి అనుమతి కావాలి? కౌన్సిలర్ల ఒత్తిడి ఉందని మీరు అంటే నమ్ముతాను. కానీ ఒత్తిడిని కాగితం మీద పెట్టకపోతే అది మీ నిర్ణయమే అవుతుంది.

రెండు పక్షాల కౌన్సిలర్లకు చెప్పేది వేరు. పోట్లాడుకోవద్దని నేను అనను. పాత బిల్లులో అక్రమం ఉందని మీకు నమ్మకం ఉంటే వదలకండి, విజిలెన్సు విచారణ అడగండి, ఎం-బుక్కు నకళ్లు తీసి పత్రికలకు ఇవ్వండి. ఆ గొట్టాలు మా వీధి కిందే ఉన్నాయి, అవి నాసిరకమైతే మాకు తెలియాలి. పాలకపక్షం వారు తప్పు చేయలేదనుకుంటే వారే ముందుకు వచ్చి గొట్టాన్ని తవ్వించి, ముక్క కోయించి, మందం కొలిపించండి. అలాంటి పోట్లాటకు మేము చప్పట్లు కొడతాం. మేము వద్దనేది నీటి అంశం రాకముందే సభ నుంచి లేచిపోయే పోట్లాటను.

అందుకని అడుగుతున్నాను. వచ్చే సమావేశంలో చెరువు పూడికతీతను తొమ్మిదో అంశంగా కాక మొదటి అంశంగా పెట్టండి. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో, ఎవరు లేచి వెళ్లారో పేరుపేరునా మినిట్సులో రాయించి ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించండి. ఆ మర్నాటి నుంచి ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఒక నల్లబల్ల పెట్టి, ఆ రోజు ఏ జోనుకు ఎన్ని నిమిషాలు నీరు వదిలారో, శివారు కుళాయిలో క్లోరిన్ ఎంత ఉందో సుద్దముక్కతో రాయించండి. దానికి నిధులు అక్కరలేదు, ఏ పథకమూ అక్కరలేదు. నీటి పన్నుగా మా దగ్గర వసూలైనది ఎంత, పంపుల కరెంటు బిల్లుకు, పటికకు, బ్లీచింగుకు, మరమ్మతులకు ఖర్చయినది ఎంత అన్న లెక్కను మిగతా పద్దులలో కలిపేయకుండా విడిగా మూడు నెలలకోసారి చూపించండి. పన్ను బకాయి ఉన్న ఇళ్ల వివరాలు కూడా వార్డులవారీగా పెట్టండి. అందులో పెద్ద భవనాలు ఉంటే అవీ కనబడాలి. మా వార్డు మహిళా సంఘాల తరఫున పన్నెండు మందిమి బకాయిల వసూలుకు మీ సిబ్బంది వెంట ఇంటింటికీ వస్తామని ఇప్పటికే రాసి ఇచ్చాం. పని పోయిన ఆ ఆపరేటరు ముందుగా ఏమి చెప్పాడో, ఎవరికి చెప్పాడో విచారించి అతనికి న్యాయం చేయండి. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు.

నాన్నగారి పదహారు నోటుపుస్తకాలనూ వచ్చే సమావేశానికి తీసుకొస్తాను. కొత్త పుస్తకం ఎలా గీయాలో, ఏ గడిలో ఏమి రాయాలో అందులో ఉంది. కొత్త ఆపరేటర్లకు చూపిస్తాను. ఎంతసేపు కూర్చోమంటే అంతసేపు కూర్చుంటాను.

కాలువలు కట్టడానికి ఇంకా తొమ్మిది వారాలు ఉంది. ఈ ఉదయం ఆరున్నరకు చెరువు గట్టు మీదికి వెళ్లాను. మెట్ల పక్కనున్న గేజి రాయికి నాచు పట్టి అంకెలు కనబడలేదు. కొంగుతో తుడిచి చూశాను. ఏడడుగుల రెండంగుళాలు ఉంది.

ఇట్లు,
కాలువగట్టు వీధి నివాసి,
నీళ్ల మాస్టారి కూతురు